కారు ఇంజిన్‌లో 'టిక్ టిక్' శబ్దమా? హెడ్ దింపించే ముందు ఇవి చూసుకోండి

పొద్దున్నే బండి స్టార్ట్ చేయగానే బానెట్ కింద నుంచి కుట్టుమిషన్ తొక్కినట్టు 'టిక్ టిక్ టిక్' అని వినిపిస్తుంది. యాక్సిలరేటర్ నొక్కితే శబ్దం కూడా వేగం పెంచుతుంది. షెడ్డుకి తీసుకెళ్తే ఒక మెకానిక్ 'ట్యాపెట్ సెట్టింగ్ చేస్తే పోతుంది' అంటాడు. ఇంకొకరు 'హెడ్ దింపాల్సిందే' అంటారు. మూడో ఉస్తాద్ 'మందం ఆయిల్ పోయించు, చుప్ అయిపోతుంది' అని సలహా ఇస్తాడు. ఈ ముగ్గురిలో ఎవరి మాట వినాలి?

సొంత పనులకు కారు వాడుకునేవారికి ఇది చిన్న చికాకు. కానీ కిస్తీల మీద క్యాబ్ నడుపుకునేవారికి చాలా పెద్ద విషయం. బండి నాలుగు రోజులు షెడ్డులో ఉంటే ఆ నాలుగు రోజులూ సంపాదన ఉండదు, కిస్తీ తేదీ మాత్రం ఆగదు. అవసరం లేకుండా ఇంజిన్ తెరిపిస్తే డబ్బు నష్టం. తెరవాల్సిన సమయంలో పట్టించుకోకపోతే ఇంజిన్‌కే నష్టం. అందుకే ఈ శబ్దం ఎందుకు వస్తుంది, ఎలా గుర్తుపట్టాలి, రిపేరు ఎలా చేస్తారు అనేవి బండి యజమానికి కొంతైనా తెలిసి ఉండాలి.

అసలు ట్యాపెట్ శబ్దం అంటే ఏంటి?

ఇంజిన్‌లోకి గాలి, పెట్రోల్ రావడానికి ఒక వాల్వు, కాలిన పొగ బయటకు పోవడానికి ఇంకో వాల్వు ఉంటాయి. ఇప్పటి కార్లలో చాలావాటికి ఒక్కో సిలిండర్‌కు నాలుగు వాల్వులు ఉంటాయి. అంటే నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో మొత్తం 16. వీటిని తెరిచేది క్యామ్ షాఫ్ట్. దాని మీద ఉండే ఉబ్బు భాగం తిరుగుతూ వచ్చి రాకర్‌ను గానీ ట్యాపెట్‌ను గానీ నొక్కుతుంది, అది వాల్వును కిందికి తోస్తుంది. మళ్లీ మూసేది స్ప్రింగ్.

వేడెక్కితే ఇనుము సాగుతుంది. వాల్వు కూడా అంతే. సాగడానికి చోటు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. అందుకే చాలా ఇంజిన్లలో రాకర్‌కు, వాల్వుకు మధ్య సన్నటి సందు వదులుతారు. ఎగ్జాస్ట్ వాల్వు ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి సాధారణంగా దానికి కొంచెం ఎక్కువ సందు ఇస్తారు. అరుగుదల వల్ల ఈ సందు ఉండాల్సిన దానికంటే పెరిగితే, ప్రతిసారీ ఇనుము ఇనుముకు తగిలి 'టిక్' మంటుంది. మెకానిక్‌లు 'ట్యాపెట్ కొడుతోంది' అనేది దీన్నే.

క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. బండి ఐడిల్‌లో 800 ఆర్‌పీఎం దగ్గర ఉంటే ఒక్కో వాల్వు నిమిషానికి 400 సార్లు తెరుచుకుంటుంది, అంటే సెకనుకు ఆరేడు సార్లు. 3,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 25 సార్లు. యాక్సిలరేటర్‌తో పాటు శబ్దం వేగం పెరగడానికి కారణం ఇదే.

మీ బండిలో ఏ రకం ఉంది?

రిపేరు ఏంటి, ఖర్చు ఎంత అనేది దీని మీదే ఆధారపడి ఉంటుంది. ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటిది, స్క్రూ, లాక్ నట్‌తో సందు సరిచేసే రకం. హోండా సిటీ 1.5 లీటర్ ఐ-వీటెక్ పెట్రోల్ ఇంజిన్ ఇందుకు ఉదాహరణ. దీనికి పార్టులు మార్చాల్సిన పని ఉండదు, సెట్టింగ్ చేస్తే సరిపోతుంది.

రెండోది బకెట్ రకం. క్యామ్ నేరుగా గిన్నె ఆకారంలో ఉండే ట్యాపెట్‌ను నొక్కుతుంది. మారుతి కే-సిరీస్ 1.2 లీటర్ పెట్రోల్ ఇంజిన్‌లో ఇదే పద్ధతి. ఇందులో తిప్పడానికి స్క్రూ ఉండదు. సందు మారితే వేరే మందం ఉన్న ట్యాపెట్ వేయాలి.

మూడోది హైడ్రాలిక్ రకం. ఇంజిన్ ఆయిల్ ఒత్తిడితోనే సందు దానంతట అదే పూడుకుంటుంది. స్విఫ్ట్, డిజైర్‌లతో పాటు ఎన్నో బండ్లలో వచ్చిన ఫియట్ 1.3 లీటర్ డీజిల్ ఇంజిన్ ఈ రకమే. ఈ ఇంజిన్‌కు 'ట్యాపెట్ సెట్టింగ్ చేశాం' అని ఎవరైనా బిల్లు వేస్తే ఏం చేశారో తప్పకుండా అడగాలి. ఎందుకంటే దాంట్లో సెట్టింగ్ చేయడానికి ఏమీ ఉండదు.

అన్నింటికంటే ముందు ఆయిల్

టిక్ టిక్ వినిపించగానే చేయాల్సిన మొదటి పని డిప్‌స్టిక్ చూడటం. దీనికి పైసా ఖర్చు లేదు. బండిని చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆఫ్ చేసి, ఆయిల్ కిందికి దిగడానికి కొన్ని నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయాలి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి.

క్యామ్, రాకర్లు ఇంజిన్‌లో అన్నింటికంటే పైన ఉంటాయి. ఆయిల్ తగ్గితే, చిక్కబడి జిగురు పడితే, లేదా కింద ఉండే జాలీ మూసుకుపోతే ముందుగా ఇబ్బంది పడేది ఈ పై భాగమే. అంటే ట్యాపెట్ శబ్దం చాలాసార్లు ట్యాపెట్ తప్పు కాదు, ఆయిల్ అందడం లేదన్న హెచ్చరిక.

డ్యాష్‌బోర్డులో ఎర్రగా వెలిగే ఆయిల్ బుడ్డి లైటు గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. అది చూపించేది ఆయిల్ ఎంత ఉందన్నది కాదు, ఆయిల్ ఒత్తిడి పడిపోయిందన్న సంగతి. నడుస్తుండగా ఆ లైటు వెలిగితే 'పెట్రోల్ బంకు దాకా పోదాం' అనుకోకూడదు. బండి పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపాలి. టోయింగ్‌కు అయ్యే ఖర్చు ఇంజిన్ పని ముందు చాలా చిన్నది.

శబ్దం ఎప్పుడు వస్తోంది?

షెడ్డుకు వెళ్లే ముందు రెండు మూడు రోజులు గమనించి ఈ వివరాలు రాసి పెట్టుకుంటే మెకానిక్ పని సగం తగ్గుతుంది.

- రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కొద్ది సెకన్లు మాత్రమే వచ్చి ఆగిపోతే: హైడ్రాలిక్ ట్యాపెట్లలోని ఆయిల్ రాత్రి కిందికి దిగి, మళ్లీ నిండేదాకా వచ్చే శబ్దం కావొచ్చు. అప్పుడప్పుడు అయితే కంగారు అక్కర్లేదు. రోజూ వస్తూ, ఆగడానికి పట్టే సమయం పెరుగుతుంటే చూపించాలి.
- చల్లగా ఉన్నా, వేడెక్కినా ఒకే తీరుగా, ఆర్‌పీఎంతో పాటు వేగం మారుతూ వస్తే: ట్యాపెట్ సందు పెరిగి ఉండే అవకాశం ఎక్కువ.
- చల్లగా ఉన్నప్పుడు గట్టిగా, వేడెక్కాక తగ్గిపోతే, యాక్సిలరేటర్ నొక్కినప్పుడు పెరిగితే: ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ లీకేజీని అనుమానించాలి.
- చల్లగా ఉన్నప్పుడు లేకుండా, వేడెక్కాక ఐడిల్‌లో మొదలైతే: ఆయిల్ పలుచబడి ఒత్తిడి తగ్గుతోందేమో చూడాలి. దీన్ని వాయిదా వేయకూడదు.
- టిక్ టిక్ కాకుండా బరువుగా, లోతుగా 'టక్ టక్' మని, లోడు పడ్డప్పుడు పెరిగితే: అది కింద ఉండే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ కావొచ్చు. ఆ బండిని నడపకుండా ఆపేయడమే మంచిది.

ట్యాపెట్ కాని టిక్ టిక్‌లు

బానెట్ కింద టిక్ మనేవి చాలా ఉన్నాయి. వీటిని ట్యాపెట్ అనుకుని హెడ్ దింపిస్తే డబ్బు పోతుంది, శబ్దం పోదు.

*ఇంజెక్టర్లు:* పెట్రోల్ ఇంజెక్టర్లు తెరుచుకుని మూసుకునేటప్పుడు సన్నగా, సమానంగా టిక్ మంటాయి. ఇది మామూలే.

*పర్జ్ వాల్వు:* పెట్రోల్ ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి పంపే చిన్న కరెంటు వాల్వు ఇది. వేడి ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఒక్కోసారి దీని శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. దీని మీద వేలు పెడితే కదలిక తెలుస్తుంది.

*ఎగ్జాస్ట్ లీకేజీ:* మ్యానిఫోల్డ్ ప్యాకింగ్ పోయినా, బోల్టు విరిగినా పొగ సందులోంచి కొడుతూ అచ్చం ట్యాపెట్ లాగే వినిపిస్తుంది. ఇనుము వేడెక్కి సాగాక ఆ సందు మూసుకుపోతుంది, శబ్దం తగ్గుతుంది. జాయింట్ దగ్గర నల్లటి మసి చార కనిపిస్తే దాదాపు ఇదే. నిర్లక్ష్యం చేయకూడదు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, క్యాబిన్‌లోకి వస్తే ప్రాణాలకే ముప్పు.

*స్పార్క్ ప్లగ్ వదులవడం:* ప్లగ్ సరిగ్గా బిగించకపోతే దాని పక్క నుంచి గ్యాస్ చిమ్ముతూ టిక్ టిక్ మంటుంది. ఈ మధ్యే ప్లగ్గులు మార్చిన బండిలో శబ్దం మొదలైతే ముందు ఇదే చూడాలి.

*టైమింగ్ చైన్:* చైన్ సాగినా, టెన్షనర్ బలహీనపడినా ఇంజిన్ పక్క భాగం నుంచి గలగల శబ్దం వస్తుంది. ఇది టిక్ కంటే గరుకుగా ఉంటుంది.

స్క్రూడ్రైవర్ పరీక్ష

డాక్టర్ స్టెతస్కోపు లాగానే మెకానిక్‌ల కోసం కూడా ఒకటి దొరుకుతుంది. అది లేకపోతే పాతకాలం ఉస్తాద్‌లు పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని వింటారు. ట్యాపెట్ కవర్ మీద ఒక్కో సిలిండర్ దగ్గర, తర్వాత ఇంజెక్టర్ మీద, ఆ తర్వాత కింద బ్లాకు మీద విని పోల్చాలి. ఎక్కడ గట్టిగా వినిపిస్తే కారణం ఆ దగ్గర్లోనే ఉంటుంది. నడుస్తున్న ఇంజిన్‌లో బెల్టు, ఫ్యాను తిరుగుతుంటాయి కాబట్టి వదులు చొక్కా చేతులు, దుపట్టా, మెడలో రుమాలు లాంటివి లేకుండా చూసుకోవాలి.

ఇంకో పరీక్ష ఉంది. మెకానిక్ ఒక్కో సిలిండర్‌ను కొద్ది క్షణాలు కట్ చేసి వింటాడు. శబ్దం బాగా తగ్గితే అది రాడ్ బేరింగ్ వైపు అనుమానం. ఏ మార్పూ లేకపోతే వాల్వుల వైపు. కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది, అందుకే దీన్ని ఎక్కువసేపు చేయకూడదు. తెలిసినవారే చేయాలి.

స్క్రూ రకానికి సెట్టింగ్ ఎలా చేస్తారు?

హోండా సిటీ 1.5 పెట్రోల్ ఇంజిన్‌కు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ సందు 0.15 నుంచి 0.19 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ సందు 0.26 నుంచి 0.30 మిల్లీమీటర్లు ఉండాలి. ఇతర బండ్లకు ఈ అంకెలు వేరు, వాటి మాన్యువల్ చూసుకోవాలి. పని ఇలా సాగుతుంది.

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. రాత్రి వదిలేసి పొద్దున పని మొదలుపెట్టడం మేలు. వేడి మీద చేస్తే కొలత తప్పుతుంది.
2. ట్యాపెట్ కవర్ చుట్టూ ఉన్న దుమ్మును ముందే శుభ్రం చేసి, ఆ తర్వాతే కవర్ తీయాలి. లేకపోతే ఆ మట్టి లోపల పడుతుంది.
3. క్రాంక్ పుల్లీని ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలోనే తిప్పుతూ, ఒకటో సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి తేవాలి. అప్పుడు ఆ సిలిండర్ వాల్వులన్నీ మూసుకుని ఉంటాయి. గుర్తులు సరిపోయాయో లేదో చూసుకోవాలి.
4. ఫిల్లర్ గేజ్ పత్తీని సందులోకి దూర్చాలి. వెన్నలో కత్తి లాగా జారిపోతే సందు ఎక్కువ, అసలు దూరకపోతే తక్కువ. కాస్త పట్టుకుంటూ జారితే సరైన కొలత.
5. తేడా ఉంటే లాక్ నట్ వదులు చేసి స్క్రూ తిప్పాలి. సరిపోయాక స్క్రూ కదలకుండా పట్టుకుని నట్ బిగించాలి.
6. బిగించాక మళ్లీ గేజ్ పెట్టి చూడాలి. బిగింపులో కొలత మారిపోవడం మామూలే. హడావుడిలో చాలామంది వదిలేసేది ఈ మెట్టే.
7. క్రాంక్‌ను సగం చుట్టు తిప్పితే మూడో సిలిండర్, ఇంకో సగానికి నాలుగు, ఆ తర్వాత రెండు. ఇదే వరుసలో పూర్తి చేయాలి.
8. కవర్ ప్యాకింగ్ గట్టిపడి ఉంటే కొత్తది వేసి, బోల్టులు అన్ని వైపులా సమానంగా బిగించాలి. స్టార్ట్ చేసి ఆయిల్ కారుతోందేమో చూడాలి.

బకెట్ రకమైతే చిన్న లెక్క

ఇక్కడ సందు కొలిచి, లెక్క వేసి, సరైన మందం ఉన్న ట్యాపెట్ తెప్పించాలి. లెక్క సులువే. ఉదాహరణకు ఉండాల్సిన సందు 0.20, కొలిస్తే 0.32 వచ్చిందనుకుందాం. తేడా 0.12. పాత ట్యాపెట్ మందం 3.00 అయితే కొత్తది 3.12 మిల్లీమీటర్లు ఉండాలి. మార్చడానికి క్యామ్ షాఫ్ట్ తీయాల్సి వస్తుంది, టైమింగ్ గుర్తులు తప్పకూడదు. కాబట్టి మజూరీ ఎక్కువే అవుతుంది. అందుకే ఏ వాల్వుకు ఎంత సందు వచ్చిందో కాగితం మీద రాసి ఇవ్వమని అడగడంలో తప్పు లేదు. కొలవకుండా 'అన్నీ మార్చాలి' అంటే ఒప్పుకోనవసరం లేదు.

హైడ్రాలిక్ రకమైతే

ముందు కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్, మంచి ఫిల్టర్ మార్చి కొన్ని రోజులు నడిపి చూడాలి. చాలా ఫిల్టర్లలో ఇంజిన్ ఆపాక ఆయిల్ వెనక్కి పోకుండా ఆపే రబ్బరు వాల్వు ఉంటుంది. నాసిరకం ఫిల్టర్‌లో అది పని చేయక పొద్దున్నే శబ్దం రావొచ్చు. అంటే కొన్నిసార్లు ఒక్క ఫిల్టర్‌తోనే సమస్య తీరుతుంది.

తీరకపోతే గేజ్ బిగించి ఆయిల్ ప్రెషర్ కొలిపించాలి. ప్రెషర్ తక్కువ ఉంటే కొత్త ట్యాపెట్లు వేసినా లాభం లేదు, పంపు, జాలీ, బేరింగులు చూడాలి. ప్రెషర్ బాగుండి శబ్దం ఒకే చోట వస్తుంటే అప్పుడు ట్యాపెట్ మార్చే ఆలోచన చేయాలి. ఏళ్ల తరబడి ఆయిల్ సరిగ్గా మార్చని ఇంజిన్‌లో ఫ్లష్ పోయించే ముందు ఆలోచించాలి. ఊడిన జిగురు ముక్కలు జాలీకి అడ్డం పడితే ఉన్న ఆయిల్ కూడా పైకి అందదు.

చప్పుడు లేకపోతే అంతా బాగున్నట్టేనా?

కాదు. చాలామందికి తెలియని సంగతి ఇదే. సందు ఎక్కువైతే శబ్దం చేసి చెబుతుంది, సందు తక్కువైతే ఏమీ చెప్పదు. వాల్వు మూసుకున్నప్పుడే దాని వేడి సీటులోకి దిగుతుంది. సందు లేక వాల్వు కొంచెం తెరుచుకునే ఉండిపోతే ఆ వేడి పోయే దారి ఉండదు. ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది, కంప్రెషన్ పడిపోతుంది, అప్పుడు నిజంగానే హెడ్ దింపాల్సి వస్తుంది.

సీఎన్‌జీ, ఎల్‌పీజీ బండ్లలో ఈ ముప్పు ఎక్కువ. ఇవి పొడి ఇంధనాలు కావడంతో వాల్వు సీట్లు తొందరగా అరుగుతాయి. సీటు అరిగేకొద్దీ వాల్వు పైకి వచ్చి సందు తగ్గుతూ పోతుంది. పెట్రోల్ బండికి తర్వాత గ్యాస్ కిట్ పెట్టించుకున్నవారు శబ్దం వచ్చేదాకా ఆగకుండా, మాన్యువల్‌లో చెప్పిన గడువు కంటే ముందే సందు చెక్ చేయించుకోవడం మంచిది. 'శబ్దం రాకుండా టైట్ చేసెయ్ భాయ్' అని మెకానిక్‌ను తొందరపెట్టడం మన ఇంజిన్‌ను మనమే కాల్చుకోవడం.

మందం ఆయిల్ చిట్కా, సెకండ్ హ్యాండ్ మోసం

5డబ్ల్యూ-30 వేయాల్సిన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే శబ్దం తగ్గొచ్చు. కారణం పోదు, వినిపించకుండా అవుతుంది అంతే. చిక్కటి ఆయిల్ పొద్దున పూట పైదాకా చేరడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, ఆ లోపల క్యామ్ అరుగుతుంది. మైలేజీ కూడా తగ్గుతుంది.

పాత కారు అమ్మేవారిలో కొందరు వాడేది కూడా ఈ చిట్కానే. కొనేవారు రాకముందే ఇంజిన్ వేడి చేసి పెట్టడం ఇంకో పద్ధతి. అందుకే బండి చూడటానికి పొద్దున్నే వెళ్లాలి. స్టార్ట్ చేయకముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే ఎందుకని అడగాలి. మొదటి స్టార్ట్ మీ ముందే చేయించి, ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా వినాలి.

షెడ్డులో అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

శబ్దం ఏ సిలిండర్ దగ్గర వస్తోంది? ఆయిల్ ప్రెషర్ కొలిచారా? ఎగ్జాస్ట్ లీకేజీ లేదని చూశారా? ఇప్పుడున్న సందు ఎంత, ఉండాల్సింది ఎంత? పని తెలిసిన ఉస్తాద్ ఈ ప్రశ్నలకు చిరాకు పడడు, చేతిలో గేజ్ పట్టుకుని చూపిస్తాడు. జవాబు లేకుండా 'హెడ్ దింపుదాం' అంటే తాళం చెవి వెనక్కి తీసుకుని ఇంకో చోట చూపించుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం ఇంకో చోటు, ఇంకో రోజు అని వాయిదా వేయొద్దు. ఎర్ర ఆయిల్ లైటు వెలిగినా, టిక్ కాస్తా బరువైన టక్ టక్‌గా మారినా ఇంజిన్ అక్కడే ఆపేయాలి. ఆ రోజు ట్రిప్పు పోతుంది, బండి మిగులుతుంది.